రెండో స్క్రీన్‌షాట్

ఏడేళ్లుగా ఒక స్క్రీన్‌షాట్ నా గుండెల మీద కూర్చుని ఉంది. అది ఎక్కడో దాచినదేం కాదు, ఇంటర్నెట్‌లో ఎవరు కావాలన్నా తెరిచి చూడొచ్చు. దాన్ని పెట్టింది నేనని మాత్రం ఎవరికీ తెలియదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో ఓదార్చకండి, అంతే చాలు.

మాది భిలాయిలో ఖుర్సీపార్. నాన్న, సింహాచలం బాబాయి కలిసే శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేరారు. రక్తసంబంధం లేదు, కానీ నాకు నడక నేర్పింది ఆయనే అంటుంది అమ్మ. రిటైరయ్యాక బాబాయి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండో కౌంటర్లో కూర్చునేవాడు. పేషెంట్ల పేర్లు ఎక్కించడం, రిపోర్టులు తీసివ్వడం ఆయన పని. రెండు చూపుడువేళ్లతో టైపు చేసేవాడు. వీధిలో ఎవరికి రిపోర్టు అర్థం కాకపోయినా, పెన్షన్ ఫారం నింపాలన్నా ఆయన గుమ్మంలోకే వచ్చేవారు. చొక్కా జేబులో పెన్ను ఎప్పుడూ ఉండేది.

నాకప్పుడు ఇరవై రెండు. చదువైపోయింది, ఉద్యోగం లేదు. రోజంతా హ్యాకర్ల ఫోరం ఒకదాన్ని పట్టుకుని కూర్చునేదాన్ని. అక్కడ నాదొక దొంగపేరు, ఆడపిల్లనని ఎవరికీ తెలియదు. అందరూ 'భాయ్' అనేవారు. ఆ పిలుపు ఎంత బాగుండేదో! ఇంట్లో పప్పు దించావా, బట్టలు ఆరేశావా అని తప్ప నన్నెవరూ ఏమీ అడగని రోజులవి. కానీ అక్కడా కొత్తవాళ్లంటే ఎగతాళే. ఫలానాది కనిపెట్టానని ఎవరన్నా రాస్తే చాలు, కింద వరసగా ఒకటే మాట: ప్రూఫ్ ఏది?

ఒక రోజు బాబాయి ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు, ప్రింటర్ మొరాయిస్తోందని. వెళ్లాను. లోపల కాగితం ఇరుక్కుంది, అంతే. లాగేసి, సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని ఒక రిపోర్టు తెరిచాను. పైన బ్రౌజర్ అడ్రస్ చివర ఒక నంబరుంది. ఊరికే ఒకటి పెంచాను. ఇంకొకరి రిపోర్టు వచ్చింది. మళ్లీ పెంచాను. మరొకరిది. బాబాయి నాకు చాయ్ తేవడానికి బయటికెళ్లాడు. ఆయన వచ్చేలోగా స్క్రీన్‌షాట్ తీసి నాకు నేనే పంపుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే పాస్‌వర్డ్ లేకుండానే నా ఫోన్‌లోనూ తెరుచుకున్నాయి.

పద్ధతి తెలియక కాదు. తాళం సరిగా పడని ఇల్లు కనిపిస్తే ముందు ఇంటివాళ్లకి చెప్పాలి, బాగుచేసుకోవడానికి గడువివ్వాలి, ఆ తర్వాతే నలుగురికీ చెప్పాలి. ఫోరంలో అనుభవజ్ఞులు పదేపదే చెప్పే మాటే ఇది. పేరు లేకుండా ఆసుపత్రికి ఒక మెయిల్ పంపాను. జవాబు రాలేదు. ఒక్క వారం ఆగాను. నెలలు ఆగాల్సింది. పోనీ, నాలుగిళ్ల అవతలున్న బాబాయికి చెప్పడానికి ఏమైంది? ఆయన మేనేజరుకి చెప్పేవాడు, వాళ్లు బాగుచేసుకునేవారు, ఇక ఫోరంలో గొప్పగా చెప్పుకోవడానికి నాకేమీ మిగిలేది కాదు. అదీ అసలు సంగతి.

ఫోరంలో పెట్టేశాను. అందులోని అడ్రస్ పట్టుకుని ఎవరో రిపోర్టులన్నీ దింపుకున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. మా వీధి వాళ్లవీ ఉన్నాయి. ఎవరికి టీబీయో, ఎవరికి పిల్లలు ఎందుకు పుట్టడం లేదో కిరాణా కొట్టు దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. నాలుగో రోజుకి ఫోరంలోని స్క్రీన్‌షాట్ ఆసుపత్రి వాళ్ల కంట పడింది. దాని కింది మూలలో, ఆ కంప్యూటర్ మీద అప్పుడు పనిచేస్తున్న మనిషి పేరుంది. బాబాయిని ఉద్యోగంలోంచి తీసేశారు. రిపోర్టులు అమ్ముకున్నాడన్న మాట ఆయనకంటే ముందే వీధికి చేరింది.

ఆ సాయంత్రం మా వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. అమ్మ ఇంట్లో లేదు.

"ఎవులో నా కంప్యూటర్లోంచే తీసినారంటన్నారమ్మా. నీకివన్నీ తెలుసు కదా. ఎవులో కనుక్కోగలవేటి?"

"పతా నహీ, నాకేం తెలుసు బాబాయ్. అలాంటోళ్లు దొరకరు."

పెన్ను జేబులోంచి తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"నీ కుర్సీలో ఇంకెవులు కూకున్నారని అడిగినారు. ఎవులూ కూకోలేదని సెప్పీసినాను. నువ్వు పింటర్ కోసరం వొచ్చినావని తెలిస్తే నిన్ను టేసన్ సుట్టూ తిప్పుతారు. పెళ్లి కావల్సిన పిల్లవి. నువ్వూ ఎవులికీ సెప్పకు, సమజ్ అయిందా?"

తలూపాను.

ఆయనకు తెలుసా? తెలిసే అన్నాడా? ఏడేళ్లుగా ఇదే ప్రశ్న చుట్టూ గానుగెద్దులా తిరుగుతున్నాను. తెలియకపోతే ఆ మంచితనం నన్ను చంపుతుంది, తెలిస్తే మరీనూ. ఇప్పుడు నిజం చెబితే ఆయన ఆసుపత్రిలో అబద్ధమాడినట్టు తేలుతుంది కదా అని కూడా అనుకునేదాన్ని. ఎంత చక్కటి సాకు! ఆయన నా కోసం ఆడిన అబద్ధాన్ని అడ్డం పెట్టుకుని, ఆయన కోసమే నోరు మూసుకున్నట్టు నన్ను నేను నమ్మించుకున్నాను.

ఆ తర్వాత ఎవరూ ఆయన చేతిలో కాగితం పెట్టలేదు. ఫారాలు పట్టుకుని ఆయన గుమ్మం ముందునుంచే పక్క వీధి ఆన్‌లైన్ దుకాణానికి వెళతారు. పెన్ను మాత్రం జేబులో ఇప్పటికీ ఉంటుంది. అది చూడలేక నేను దారి మార్చి నడుస్తాను.

నాకు ఉద్యోగం వచ్చింది. వెబ్‌సైట్లలో లోపాలు వెతికే పనే, ఇంటినుంచే. ఇంటర్వ్యూలో మీరు మొదట కనిపెట్టిందేమిటని అడిగితే ఇదే చెప్పాను, ఊరి పేరు మార్చి. మెచ్చుకున్నారు. ఫోరంలో పోస్టు తీసేద్దామంటే దాని నకళ్లు ఎన్నిచోట్ల ఉన్నాయో. ఇప్పటికీ ఎవరో ఒకరు కింద "జబర్దస్త్ భాయ్" అని రాస్తుంటారు. ఒకప్పుడు ఆ మాట కోసమే అంతా చేశాను. ఇప్పుడు అది కనిపిస్తే పేజీ మూసేస్తాను. ఆ దొంగపేరులోంచీ బయటపడలేను, ఈ వీధిలోంచీ పోలేను.

మొన్న బాబాయి ఫోన్ పట్టుకొచ్చాడు, ఫోటోలు నిండిపోయి ఆగిపోతోందని. లాక్ నంబరు వీధిలోకి వినబడేలా గట్టిగా చెప్పాడు. మెల్లిగా చెప్పు బాబాయ్ అంటే నవ్వాడు. "నీ దగ్గిర దాపరికమేటమ్మా?"

ఆయన వెళ్లాక ఇది రాయడం మొదలుపెట్టాను. ఇంతా రాసి, మీ దగ్గర కూడా ఒకటి దాటేయబోయాను. మూలలో ఆయన పేరుందని నేను గమనించలేదని మీరు అనుకుని ఉంటారు. నన్ను నేను నమ్మించుకున్నదీ అదే, తొందరలో కత్తిరించడం మరిచానని.

మరవలేదు. పెట్టినవి రెండు. మొదటిదాంట్లో పేషెంటు పేరు మీద నల్లగీత గీసి, కింది మూల కత్తిరించే పెట్టాను. పది నిమిషాల్లో నవ్వులు మొదలయ్యాయి. ఫేక్, ఇలాంటివి ఎవడైనా తయారుచేస్తాడు, ప్రూఫ్ ఏది భాయ్? అప్పుడు రెండోది పెట్టాను. పేషెంటు పేరు మీద మళ్లీ జాగ్రత్తగా నల్లగీత గీశాను. మూల మాత్రం వదిలేశాను. అది ఉంటేనే నమ్ముతారు.

ఈ మాట బయటపెట్టాక ఊపిరి కాస్త ఆడుతోంది. నాకు దక్కేది అంతేనని తెలుసు. ఆ మూలలో 'సింహాచలం, కౌంటర్ 2' అని ఉంది. చదివాను. చదివే పెట్టాను.