ఏలూరు నుంచి వచ్చిన నా పన్ను

నా పరువు ఎక్కడ పోయిందో మీకు వేలుపెట్టి చూపించగలను. ఏఎస్ రావు నగర్‌లో, ఒక పళ్ల డాక్టరు గారి కుర్చీలో, నేను నోరు తెరుచుకుని వెల్లకిలా పడుకుని ఉండగా పోయింది. పరువు పోయేటప్పుడు కనీసం కాళ్ల మీద నిలబడి ఉండే భాగ్యం చాలామందికి దక్కుతుంది. నాకు అదీ దక్కలేదు.

కొన్నేళ్ల కిందటి మాట. అప్పట్లో నాకు తెలివితేటలు మరీ ఎక్కువగా ఉండేవి. మా అన్న కూతురు షారోన్ నాచారంలో కొత్తగా పళ్ల క్లినిక్ తెరిచింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు, మా అన్న కళ్లు తుడుచుకున్నాడు, నేను అందరినీ తోసుకుని ముందుకొచ్చి "మొదటి ఇంప్లాంట్ నాకే పెట్టాలె బిడ్డా" అని ప్రకటించాను. ఊడిపోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలోకి ఒక మర దింపి, దాని మీద కొత్త పన్ను బిగిస్తారే, అదన్నమాట. ఆ పిల్ల నెలల తరబడి ఓపికగా ఆ పని చేసింది. నేను చర్చిలో కనిపించిన ప్రతివారికీ నోరు తెరిచి చూపించాను. చూపించమని అడగనివారికి ఇంకా పెద్దగా తెరిచి చూపించాను.

అంతా బాగానే ఉంది కదా అనుకుంటుండగా, ఒక పొద్దున చపాతీ నములుతుంటే ఆ పన్ను కదిలింది.

"కదిలింది" అన్నాను మా ఆయనతో.

"ఏంది?" అన్నాడాయన, పేపరు దించకుండానే.

"షారోన్ పెట్టిన పన్ను."

"అయితె షారోన్‌కు ఫోన్ జెయ్."

"ఏమని జెయ్యాలె? నువ్వు పెట్టింది ఊగుతున్నదనా? మొన్ననే క్లినిక్ తెరిచింది. పిల్ల గుండె పగుల్తది."

"మరి ఊగుతనే ఉండనిస్తవా?"

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది కాబట్టి నేను అక్కడి నుంచి లేచి వచ్చేశాను. చిల్కానగర్‌లో మా పై పోర్షన్‌లో ఉండే అనసూయమ్మ గారి దగ్గరికి వెళ్లాను. ఆవిడది ఏలూరు. "అయ్యబాబోయ్, మా మరిదికీ ఇలాగే కదిలి, చూసేసరికి ఎముకంతా కరిగిపోయిందండీ. ఇంకో డాక్టరుకి చూపించండి" అన్నారు. కిందికొచ్చి ఫోన్‌లో వీడియోలు చూశాను. ఒకాయన వెంటనే పీకించమన్నాడు. ఇంకొకాయన ప్రాణం పోయినా ముట్టుకోవద్దన్నాడు. మరొకావిడ నువ్వుల నూనె పుక్కిలించమంది. అవన్నీ చూశాక కదులుతున్నది పన్నా, దవడా, నా తలకాయా అన్నదే నాకు తేలలేదు.

ఒక్కటి మాత్రం తేలింది. సెకండ్ ఒపీనియన్ కావాలి, కానీ ఆ సంగతి షారోన్‌కు తెలియకూడదు. నాచారం, ఉప్పల్, హబ్సిగూడ అన్నిచోట్లా మా చర్చివాళ్లే. అందుకని బ్లౌజు కుట్టించుకోవడానికని ఇంట్లో చెప్పి, మొహానికి స్కార్ఫ్ చుట్టుకుని ఏఎస్ రావు నగర్ వెళ్లాను. పేరు లక్ష్మి అని చెప్పాను. ఊరు ఏలూరన్నాను. యాస కూడా అనసూయమ్మ గారిదే ఎరువు తెచ్చుకున్నాను. జనగామ దాటి అటువైపు ఎప్పుడూ పోని దాన్ని, ప్రతి మాటకీ ఒక 'అండీ' తగిలిస్తే చాలు కోస్తా అయిపోతుందని నా నమ్మకం.

"ఎక్కడ పెట్టించుకున్నరమ్మా?" అన్నారు డాక్టరు గారు.

"ఏలూరులోనండీ."

"ఏ డాక్టర్?"

"పెద్దాయనండీ. పేరు గుర్తు లేదండీ. చేతులు కొంచెం వణికేవండీ."

చేతులు ఎందుకు వణికించానో నన్నడక్కండి. అబద్ధం మొదలుపెట్టాక అలంకారాలు వాటంతటవే వస్తాయి.

ఆయన ఎక్స్‌రే తీశారు. "ఎముక గట్టిగున్నది. ఇంప్లాంట్ కదుల్తలేదు" అన్నారు.

"కదుల్తోందండీ."

"పన్ను కదుల్తున్నదమ్మా. ఇంప్లాంట్ కాదు."

"పన్నే కదండీ ఇంప్లాంటు?"

"ఇంప్లాంట్ లోపల ఉంటది. పన్ను పైన ఉంటది. నడుమ చిన్న స్క్రూ. అది వదులైంది."

నేను అందరికీ తెరిచి చూపించింది పైనున్న దాన్ని. అసలు షారోన్ పెట్టింది ఎవరికీ కనిపించని దాన్ని. వదులైంది రెండూ కాని మూడోది. "సరేనండీ" అన్నాను. ఏమీ అర్థం కానప్పుడు నేను అనే మాట అదే.

ఆయన పన్ను మీదున్న సిమెంటు తొలిచి, లోపలి రంధ్రం తెరిచి, "ఏ కంపెనీదమ్మా ఇది?" అన్నారు.

"కంపెనీయా అండీ?"

"ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో స్క్రూడ్రైవర్ ఉంటది. పెట్టినాయన చెప్పలేదా?"

"మరిచిపోయారేమోనండీ. పెద్దాయన కదండీ."

"ఫికర్ చెయ్యకుండ్రి. మా డాక్టర్ల గ్రూపుల ఎక్స్‌రే పెడ్త. ఎవరన్న గుర్తువడ్తరు" అంటూ ఫోన్ తీశారు. నాకు డాక్టర్లకు గ్రూపులుంటాయని కూడా తెలియదు. మా చర్చికే అనుకున్నాను. కాసేపటికి ఫోన్ టింగుమంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"దొరికిందమ్మా! మా జూనియర్ ఒకామె దగ్గర ఈ డ్రైవర్ ఉన్నదంట. తనే పట్టుకొస్తదంట. నాచారంల క్లినిక్. షారోన్ అని, మంచి పిల్ల."

నేను కుర్చీలోంచి లేవబోయాను. "ఏను ఎల్హానంహీ" అన్నాను, నోట్లో దూది ఉండటం వల్ల.

"ఎట్ల పోతరమ్మా? తెరిచి పెట్టిన. దారిల ఊడి గొంతుల పడ్తది."

పన్ను మింగి చావడమా, మేనకోడలికి దొరికిపోవడమా అని ఆలోచించాను. మొదటిదే నయమనిపించింది కానీ ఆయన వదల్లేదు. ఇక చేసేది లేక, లైటు కళ్లలో కొడుతోందని చెప్పి స్కార్ఫ్‌ను కళ్ల మీదుగా ముక్కు దాకా లాక్కున్నాను. బయట నోరొక్కటే మిగిలింది.

షారోన్ వచ్చింది. చెప్పుల చప్పుడు విని గుర్తుపట్టాను.

"నమస్తే అమ్మా. ఏ ఊరు మీది?"

"ఏలూరండీ."

"అంత దూరం నుంచి వచ్చిన్రా?"

"చుట్టాలింటికండీ."

"ఎక్కడుంటరు చుట్టాలు?"

"చిల్... నారపల్లండీ."

"పెట్టిన డాక్టర్ చేతులు వణికినయంట కదా."

"కొంచెమేనండీ."

ఆ పిల్ల పని మొదలుపెట్టింది. నోట్లో ఏదో కిర్రు కిర్రుమని తిరిగింది. పన్ను గట్టిగా కూర్చుంది.

"అయిపోయింది" అంది షారోన్. "ఆ డాక్టర్ పని మంచిగనే జేసిండమ్మా. స్క్రూ వదులుడు ఎవ్వరికైనా అయితది. ఒక్క ఫోన్ జేస్తె ఆయనే బిగించేటోడు. నమ్మకం లేక ఇంకొకల దగ్గరికి పోయిన్రని తెలిస్తె, ఆయనకు మస్తు బాధైతది."

స్కార్ఫ్ కింద నాకు కళ్లనీళ్లు తిరిగాయి. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా యాస వదల్లేదు. "ఆయన తప్పేం లేదండీ. బంగారంలాంటి డాక్టరండీ. ఆయన మనసు నొచ్చుకుంటుందనే చెప్పలేదండీ. నాకే భయమేసిందండీ" అన్నాను.

గ్లవుజులు తీస్తున్న శబ్దం వినిపించింది. హమ్మయ్య, గట్టెక్కాననుకున్నాను.

"సరే అత్తమ్మా, ఇగ ఆ స్కార్ఫ్ తియ్. బండి కిందున్నది, ఇంటికాడ దించుత."

స్కార్ఫ్ తీసేసరికి డాక్టరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. "బండి మీద ఏలూరు దాకనా?" అన్నారు.

దారిపొడవునా షారోన్ భుజాలు కదులుతూనే ఉన్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో వెనక కూర్చున్న నాకు తెలియలేదు. నాచారం దగ్గర సిగ్నల్ పడ్డాక ధైర్యం చేశాను.

"ఎప్పుడు గుర్తువట్టినవ్ బిడ్డా?"

"గ్రూపుల ఎక్స్‌రే చూసినప్పుడే. నేను పెట్టిన మొదటి ఇంప్లాంట్ అత్తమ్మా. దాని ఎక్స్‌రే ఎన్నిసార్లు తీసి చూసుకున్ననో. నాకు తెల్వదా?"

"కోపమొచ్చిందా?"

"ముందు ఏడుపొచ్చింది. నువ్వు 'అండీ' అన్నంక నవ్వాగలే. ఇంకొకలకు చూపిచ్చుడు తప్పు గాదు అత్తమ్మా. నాకు జెప్తె నేనే తోల్కపోదును గద."

కాబట్టి పాఠకులారా, గట్టిగా బిగిసిన ఆ పంటి మీద చెయ్యి వేసి, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నా నోట్లో గానీ, ఒంట్లో గానీ, బుర్రలో గానీ ఏ అనుమానం పుట్టినా ముందు షారోన్‌నే అడుగుతాను. ఆ అనుమానం షారోన్ మీదే అయితే, మరీ ముందుగా అడుగుతాను.