గంజి ఆపమన్న రోజు

ఐర్లండ్‌లో కొన్నేళ్లు హాస్పిస్‌లో, అంటే ఇక నయం కాని రోగులను చివరిదాకా చూసుకునే చోట, నర్సుగా పనిచేసి మా ఊరు పెనుకొండకు తిరిగివచ్చాను. ఇప్పుడు హిందూపురంలోని ఒక చిన్న సంస్థ తరఫున అలాంటి రోగుల ఇళ్లకు వెళ్తుంటాను.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒక పెద్దాయనకు గొంతు క్యాన్సర్ ముదిరింది. మగ్గం పక్కనే మంచం వేశారు. నేను వెళ్లేసరికి ఆయన కూతురు తండ్రి తల ఎత్తిపట్టి చెంచాతో రాగిగంజి పోస్తోంది. పోసిన ప్రతిసారీ పొలమారి, కళ్లు తేలేస్తున్నాడు.

"ఇంక గంజి ఆపమ్మా. మింగల్యాక ఊపిరితిత్తుల్లోకి పోతాంది," అన్నాను.

"అట్లయితే సెలైన్ పెట్టక్కా."

"ఇప్పుడు ఎక్కిస్తే ఒళ్లు వాస్తాది, ఆయాసం ఎక్కువైతాది. ఆయప్పకు ఆకలి తెలీదు. పెదాలు తడుపుతా ఉండు, చాలు."

ఆమె నావైపు తిరిగింది. "నాయనను కడుపు మాడ్చి పంపమంటాండావా?"

ఐర్లండ్‌లో నన్నెవరూ ఈ మాట అడగలేదు. అక్కడ ఒకామె తన తల్లికి పెట్టిన సెలైన్ తానే తీసేయమంది. టీలో ముంచిన స్పాంజితో తల్లి పెదాలు తడుపుతూ కూర్చుంది. ఆ గదిలో తిండి ఊసే రాలేదు. ఇక్కడ గడపలో అడుగుపెట్టిన ప్రతి చుట్టమూ ముందు అడిగేది, ఏమన్నా తిన్నాడా అనే.

చివరికి ఆమె గిన్నె పక్కన పెట్టింది. మళ్లీ వెళ్లినప్పుడు ఆయన దగ్గు లేకుండా నిద్రపోతున్నాడు. ఆ వారంలోనే పోయాడు.

పలకరించడానికి వెళ్లాను.

"నువ్వు చెప్పినట్లే చేస్తినక్కా. నిద్రలోనే పోయినాడు," అంది కూతురు. "కానీ ఆఖరుకు ఏం పెట్టినావని అందరూ అడుగుతాండారు. ఏమని చెప్పల్ల? అన్నం తట్ట ముందర కూచుంటే నాకు ముద్ద దిగల్యా."

వైద్యం ప్రకారం నేను చెప్పింది సరైనదే. ఆ మాట అనబోయి మానుకుని, ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి ఆమె చెయ్యి విడిపించుకుని, వచ్చినవాళ్లకు వడ్డించాలని లేచింది.

పోయిన నెల పెనుకొండలో, అలాంటి స్థితిలోనే ఉన్న ఒక రైతు పెదాలకు భార్య వేలితో మజ్జిగ రాస్తోంది.

"ఒక్క చుక్క, పాపా," అంది నాతో.

వద్దనలేదు. ఆమె వేలు ఆయన నోటి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ, ఎక్కడ పొలమారుతుందోనని ఆయన గొంతునే చూస్తూ నిలబడ్డాను.