సూదమ్మ ఇంట్లో పుట్టినరోజు

ఆ వీధి పిల్లలకు దయ్యాలంటే భయం లేదు. దయ్యాన్ని ఎవరూ చూడలేదు కాబట్టి ఆ ధైర్యం. సూదమ్మను మాత్రం అందరూ చూశారు. పొట్టిగా, బొద్దుగా, భుజానికి నీలం రంగు టీకాల పెట్టె తగిలించుకుని నవ్వుతూ వస్తుంది. ఆ నవ్వు చూస్తేనే వాళ్ళకు గుండెల్లో గుబులు.

ఆమె ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేసే నర్సు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల పుట్టిన పిల్లల్లో ఆమె చేతి సూది పడనివాళ్ళు లేరు. అన్నం తినని పిల్లలకూ, నిద్రపోని పిల్లలకూ తల్లులు సూదమ్మ పేరు చెప్పే పని కానిచ్చుకునేవారు. ఇందులో ఆమె తప్పేమీ లేదు, పాపం. పిల్లలంటే ఆమెకు పంచప్రాణాలు. "చీమ కుట్టినట్టు ఉంటుంది నాన్నా, అంతే" అని బుజ్జగించి, వాళ్ళు ఆ చీమ ఎక్కడుందా అని చూసేలోపు పని ముగించేది.

ఇంత పేరున్న మనిషికి ఒక్కతే కూతురు. పన్నెండో ఏట అడుగు పెట్టబోతోంది. ఆ వయసు సంగతి తెలిసిందే, అద్దం ముందు అరపూట, అమ్మానాన్నల ముందు అరక్షణం. కూతురి పుట్టినరోజుకు స్నేహితురాళ్ళను పిలుద్దామని తల్లే అంది, ఏర్పాట్లన్నీ తనే నెత్తిన వేసుకుంది. గుమ్మం దగ్గర ఒక బల్ల, అక్కడ పిల్లలు పేరు చెప్పి చేతులు కడుక్కోవాలి. లోపల ఇంకో బల్ల, అక్కడ వరుసలో వచ్చి కేకు తీసుకోవాలి. ఆపైన గోడవారగా కుర్చీలు, అక్కడ అరగంట కదలకుండా కూర్చోవాలి. కేకు తిన్నాక అరగంట కూర్చోవడం దేనికని భర్త అడిగాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు, దేన్నయినా ఆపి చూడటం ఆయన అలవాటు. ఆమె తెల్లముఖం వేసింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు.

"పనిలో పనిగా రెండో కేకు ఎప్పుడో చీటీ మీద రాసిచ్చెయ్" అన్నాడాయన. ఆమె నవ్వలేదు సరికదా, చీటీ ఆలోచన బాగానే ఉందనుకుంది.

కూతురు కూడా నవ్వలేదు. వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ తలుపు తీసి, మూసి, మళ్ళీ తీసి, చివరికి ఆ ఫ్రిజ్‌తోనే మాట్లాడుతున్నట్టు అడిగింది.

"అమ్మా, ఆ రోజు నువ్వు ఇంట్లో లేకపోతే ఏమవుతుంది?"

తల్లికి ముందు అర్థం కాలేదు. అప్పుడు సంగతంతా బయటపడింది. ఆ పిల్ల ఈ ఏడే కొత్త బడిలో చేరింది. నానా తంటాలు పడి ఐదారుగురు స్నేహితురాళ్ళను సంపాదించుకుంది. సరిగ్గా అప్పుడే ఆ బడిలో ఆడపిల్లలకు టీకాలు వేసే పని పడింది. వేసిందెవరో వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికల్లా కూతురి బెంచీ ఖాళీ అయిపోయింది. ఎవరూ ఏమీ అనలేదట. జబ్బలు పట్టుకుని దూరంగా వెళ్ళి కూర్చున్నారట. ఇప్పుడు పుట్టినరోజుకు పిలిస్తే, మీ అమ్మ ఉంటుందా అని ఒక్కొక్కరే అడిగారట. ఉండదని మాట ఇచ్చేసిందట. వాళ్ళు ఆ రోజు వచ్చి నవ్వుకుంటూ వెళ్తేనే ఆ బెంచీ మళ్ళీ నిండుతుంది. లేకపోతే ఏడాదంతా ఆ పిల్ల ఒంటరిదే.

తల్లి గుండె కలుక్కుమంది. అయినా అలవాటైన నవ్వు ముఖం మీదికి దానంతటదే వచ్చేసింది.

"ఓస్, అంతేనా? నాకేం బాధ లేదమ్మా. ఆ రోజు నాకూ బయట పనుంది" అంది.

ఆమెకు బయట ఏ పనీ లేదు.

పుట్టినరోజు నాడు పెద్దాడపడుచును పిలిపించి ఇల్లు అప్పగించింది. బెలూన్లు ఊదింది, కేకు బల్ల మీద పెట్టింది, గోడవార కుర్చీలు మనసు చంపుకుని చెల్లాచెదురు చేసింది. ఐస్‌క్రీమ్ తెచ్చే పూచీ భర్తది. ఆ తర్వాత వీధి మొదట్లో ఉన్న మందుల షాపులోకి వెళ్ళి, దగ్గు మందుల అల్మారా చాటున ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. కొత్త గౌన్లలో పిల్లలు ఒక్కొక్కరే తన ఇంటివైపు పోతుంటే చాటు నుంచి చూసి మురిసిపోయింది. ఒక్కరు కూడా తప్పలేదు. షాపు ఆయన ఒకటి రెండుసార్లు ఏం కావాలని అడిగి, తర్వాత ఆమె మానాన ఆమెను వదిలేశాడు.

అంతలో భర్త ఫోను చేశాడు. రెండంతస్తుల నడుమ లిఫ్టు ఆగిపోయిందట, లోపల ఒక వకీలు ఇరుక్కుని అక్కడి నుంచే సెక్షన్లు చదువుతున్నాడట, ఆయన్ను దించితే తప్ప కదిలే వీలు లేదట. ఐస్‌క్రీమ్ షాపులో పెట్టించాను, నువ్వే ఎలాగో తెచ్చుకో అన్నాడు.

బయట ఎండ మండిపోతోంది. చల్లని వస్తువును కరగకుండా చేర్చడం ఎలాగో ఆమెకు ఒకరు చెప్పాలా? ఆరోగ్య కేంద్రంలో పనికిరాదని పక్కన పడేసిన పాత టీకాల పెట్టె ఒకటి ఇంటి పెరట్లో ఉంది. వెనక తలుపు నుంచి పిల్లి అడుగులతో వెళ్ళి దాన్ని పట్టుకొచ్చింది. ఐస్‌క్రీమ్ షాపుకు వెళ్ళి, పెట్టెలో నాలుగు వైపులా ఐస్ ప్యాకులు, నడుమ ఐస్‌క్రీమ్ డబ్బాలు పొందికగా సర్దింది. ఉద్యోగంలో ఒక్క టీకా సీసాను వేడెక్కనివ్వని మనిషి ఐస్‌క్రీమును కరగనిస్తుందా? ఇంటి గేటు దగ్గర ఆడపడుచు చేతికిచ్చేసి మళ్ళీ అల్మారా చాటుకు వెళ్ళిపోవాలనుకుంది. ఈ ఆలోచనంతటిలోనూ, పెట్టె భుజానికి తగిలించుకుని తను ఎలా కనబడుతుందన్నది మాత్రం ఆమెకు తట్టనే లేదు.

పిల్లలు ఇంటి ముందు బంతాట ఆడుతున్నారు. బంతి కోసం తలెత్తిన పిల్ల ఆమెను చూసింది.

"వచ్చింది" అంది.

ఎవరని ఎవరూ అడగలేదు. అందరూ ఒక్కసారిగా కాలికి బుద్ధి చెప్పారు. ఒకతె ప్రహరీ దూకింది, ఒకతె కేకు ముక్కతో సహా పరుగెత్తింది, ఒకతె చెప్పులు వదిలేసి పక్కింటి చెప్పుల్లో పోయింది. ఏం జరిగిందో తెలియని ఆడపడుచు కూడా వాళ్ళతోపాటు వీధి చివరిదాకా పరుగు తీసింది. భూకంపం అనుకుందట.

కూతురు ఒక్కతే మిగిలింది.

"మాటిచ్చాను కదమ్మా" అంది.

తల్లి పెట్టె మూత తీసి, లోపలి డబ్బాలు చూపించింది. మీ నాన్న, లిఫ్టు, వకీలు అని ఏదో మొదలుపెట్టింది గానీ మాట ముందుకు సాగలేదు. కూతురి ముఖంలోకి చూడలేక తల తిప్పుకుంది. అటుపక్క, వీధి చివర, ఒక గోడ మీద వరుసగా తలకాయలు కనబడ్డాయి.

అందులో ఒకటి కదిలి ఇటు వచ్చింది. క్లాసు లీడరు. పొడుగాటి పిల్ల, రెండు జడలు, ఎవరికీ లొంగని చూపు. టీకా పడిన జబ్బను అరచేత్తో కప్పుకుని గేటు అవతలే నిలబడింది.

"ఆంటీ, చీమ కుట్టినట్టు ఉంటుందని మీరు చెప్పారు. రాత్రికి నా చెయ్యి పైకి లేవలేదు. అబద్ధం ఎందుకు చెప్పారు?"

ఇన్నేళ్ళుగా ఏడ్చిన పిల్లలున్నారు, కరిచిన పిల్లలున్నారు, ఇలా నిలదీసిన పిల్ల మాత్రం లేదు. నిజం చెబితే చెయ్యి బిగపట్టుకుంటారని, అందుకని అలా అంటానని ఆమె నసిగింది. అబద్ధం చెప్పినా బిగపట్టుకున్నాం కదా అంది లీడరు.

"పోనీ మీకు వేస్తే ఎలా ఉంటుంది?"

ఆమె నోరు తెరిచేలోపే కూతురు అందుకుంది. కోపమంతా గొంతులో పెట్టుకుని, ఇంటిగుట్టు వీధి వినేలా రట్టు చేసింది.

"మా అమ్మ ఏడుస్తుంది. జ్వరమొచ్చినప్పుడు రక్తపరీక్ష చేయించుకుంటే కళ్ళు మూసుకుని నా చెయ్యి నలిపేసింది. నేనే బుజ్జగించాను."

లీడరు నర్సు ముఖంలోకి చూసింది. ఆ ముఖం సిగ్గుతో ఎర్రబడింది.

"నిజమేనమ్మా. నాకు సూదంటే చచ్చేంత భయం. మీ అందరికీ కూడా నొప్పేసిందని నాకు తెలుసు" అందామె.

లీడరు వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. గోడ మీది తలలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. సూదమ్మకు సూది భయమన్న వార్త వాళ్ళకు కేకు కంటే తియ్యగా ఉంది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఐస్‌క్రీమ్ చెంచాలు పట్టుకుని వరుసలో నిలబడి, ఒక్కొక్కరే జబ్బ మీద పొడిచారు. ఆమె నిజంగానే ప్రతిసారీ కళ్ళు మూసుకుంది. వాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుల్లో కూతురి నవ్వు కూడా వినబడింది.

గోల సద్దుమణిగి అందరూ తినడంలో పడ్డాక, ఇచ్చిన మాట ఇచ్చిన మాటేనని ఆమె చప్పుడు కాకుండా లేచి గేటు దాకా వెళ్ళింది. వెనకే కూతురు వచ్చింది. ఎక్కడికని అడిగితే, బయట పనుందని చెప్పాను కదా అంది తల్లి. ఏం పని అంటే చెప్పలేకపోయింది.

కూతురు గేటు ఊచ పట్టుకుని, తల ఎత్తకుండా అడిగింది.

"ఇంట్లో ఉండొద్దని అన్నప్పుడు నీకు నొప్పేసిందా?"

లేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నవ్వు కూడా సిద్ధమైంది. రెండింటినీ ఎలాగో మింగింది.

"వేసిందమ్మా. చాలా" అంది.

కూతురు గేటు మూసి, తల్లి లోపల ఉండగానే గడియ పెట్టింది.