తడికొంగుకు అంటిన బర్మా టేకు

2022లో కర్నూలులోని ఒక టింబర్ డిపోలో నేను గ్రేడర్‌గా ఉన్నాను. లారీలో దిగిన దుంగను కొలిచి, పగుళ్లూ పురుగూ చూసి, అది ఏ రకమో రిజిస్టరులో రాయడం గ్రేడర్ పని. ఆ ఏడాది జరిగిన ఒక సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బర్మా వాళ్లు దుంగలు బయటికి పంపడం మానేశాక మాకు వచ్చే టేకులో ఎక్కువ భాగం ఆఫ్రికా తోటలది. లేత వయసులోనే నరికేస్తారు. లోపల చేవ కొంచెమే, చుట్టూ అంతా తెల్లచెక్క. ఆ తెల్లచెక్కంటే చెదలకు పండగే. మా యజమాని దానికి రంగు పూయించి బర్మా టేకని అమ్మేవాడు. రిజిస్టరులో నేను నిజమే రాసేవాణ్ని. కొనేవాళ్లకు ఆ రిజిస్టరు ఎవరు చూపిస్తారు?

కోడుమూరు వైపు నుంచి ఓబులమ్మ అనే నేతావిడ వచ్చింది. ఏళ్ల తరబడి మగ్గం నేసి ఇల్లు కట్టుకుంటోంది. ఆమె మా దగ్గర చేయమని చెప్పిన ద్వారబంధం అప్పటికే తయారైంది. నిలబెట్టే ముహూర్తం ఇంక రెండు రోజులే.

“మా చెల్లెలు కట్టినప్పుడు ఇంత రేటు లేదు కదప్పా?” అని అడిగింది.

యజమాని ఫోన్‌లో ఒక గ్రాఫ్ తీశాడు. “చూడమ్మా, పైగీత చైనా దిగుమతి చేసుకునే మాను, కిందిది మనది. ఏండ్లకొద్దీ రెండూ ఎట్ల ఎక్కుతాండాయో! అంతమంది ఎగబడితే మంచి మాను యాడ దొరుకుతాది?” అని, వివరంగా చెప్పమని నాకు సైగ చేశాడు. నేనూ సిగ్గు లేకుండా పంతులులా చెప్పాను. గ్రాఫ్ తప్పు కాదు. కాకపోతే దానికి ముదురు మానూ లేతమానూ ఒక్కటే.

ఓబులమ్మ అంతా విన్నది. “గీతలు ఎంత మాను దిగిందో చెప్తాండాయి సరే. ఎట్లాంటి మాను దిగిందో చెప్తాయా?” అంది. కుళాయి దగ్గర కొంగు తడిపి ద్వారబంధం లోపలి అంచును గట్టిగా రుద్దింది. “రంగేసిన నూలును మేం ఇట్లనే చూస్తాం.”

కొంగుకు టీ రంగు మరక అంటింది. రుద్దినచోట తెల్లగా బయటపడింది.

“అది పాలిష్ అమ్మా. ముహూర్తం దాటనియ్యద్దు. ఏమన్నా అయితే నేను ఈడనే ఉంటా కదా” అన్నాడు యజమాని, చెక్కుచెదరకుండా.

నాకు ఒళ్లంతా మంటెత్తింది. నవధాన్యాలు కట్టి, పూజ చేసి నిలబెట్టిన ద్వారబంధాన్ని మా వైపు ఎవరూ పీకరు. చెదలు పట్టినా అరిష్టమని భయపడి, లప్పం పెట్టి, రంగు పూసి ఊరుకుంటారు. వాడి వ్యాపారమంతా ఆ భయం మీదే నడుస్తోంది.

“వద్దక్కా, నిలబెట్టద్దు! ఇదంతా తెల్లచెక్కే” అని అరిచేశాను. యజమాని నోరు ముయ్యమన్నాడు. నేను ముయ్యలేదు.

నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె కొంగు పిండుకుంటూ నా మొహంలోకి చూసింది.

“రంగు అంటకుంటే చెప్పేటోనివా అన్నా?”

ముహూర్తం పోతే పోయిందని, ద్వారబంధం కోసం తెచ్చిన ఆటోలో వట్టిగానే వెళ్లిపోయింది. నేను మరుసటి రోజే ఆ పని మానేశాను. అయితే ఏం లాభం? తెలిసినవాడు నోరు మూసుకుంటే మోసంలో వాడికీ వాటా ఉన్నట్టేనని నాకు బుద్ధొచ్చేసరికి చాలా ఆలస్యమైంది. నేను అక్కడ పనిచేసిన అన్నేళ్లలో నా చేతుల మీదుగా వెళ్లిన ద్వారబంధాలు ఎన్నో ఇళ్లలో పసుపు కుంకుమలతో నిలబడి ఉన్నాయి. వాటిని పీకించమని చెప్పడానికి ఏ మొహం పెట్టుకుని ఆ గడపలు తొక్కను?