జంట తుమ్ముల సేల్స్‌మన్

ఈ పొద్దున మీ చొక్కా మీద కొట్టుకున్న సెంటు ఎవరి ముక్కు కోసం? మీ ముక్కుకు అది కాసేపట్లో అలవాటైపోయి ఉంటుంది. మిగతా రోజంతా దాన్ని మోసేది పక్కవాడు. ఇలా నిలదీసే హక్కు నాకెలా వచ్చిందో చెప్పాలంటే, సెంటు పూసుకుని సిద్ధాంతాన్ని అమ్ముకున్న నా పాతరోజులు బయటపెట్టక తప్పదు.

ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో, నాకు రెండే ఆస్తులు. ఒకటి హేతువాదం, రెండోది ప్రొద్దుటూరులో చీరల షాపు ఉద్యోగం. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వెళ్లొచ్చేవాణ్ణి. ఆదివారం సాయంత్రం మా ఊళ్లో చర్చాగోష్ఠి. ఏడుగురం సభ్యులం (ఎనిమిదో ఆయన జాతకం చూపించుకున్నాడని తెలిసి మేమే తీసేశాం). తుమ్ము శకునం కాదని అక్కడ నేను గంటసేపు గర్జించి ఇంటికి వస్తే, మా జేజి, అంటే నాయనమ్మ, ఒక్క ముక్కలో తేల్చేసేది. "ఒంటి తుమ్మైతే కూచోవాల, జంట తుమ్మైతే పోవాల. దీనికి గంటసేపు అరిసేదేముందిరా?"

షాపులో ఒక ఆచారం ఉండేది. పొద్దున షట్టర్ ఎత్తగానే యజమాని (మేమంతా శెట్టన్న అనేవాళ్లం) సెంటు సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చే ప్రతి సేల్స్‌మన్ కాలర్ మీదా చంకల కిందా స్వయంగా కొట్టేవాడు. గిరాకీకి చీర వాసన తగలాలి తప్ప మనిషి వాసన తగలకూడదని ఆయన సూత్రం. నాకు ఆ సెంటు పడేది కాదు. కళ్లు మండేవి, ముక్కు కారేది, ఉన్నట్టుండి తుమ్ము వచ్చేది. ఆ సంగతే చెప్పుకున్నాను. "సెంటు పడకపోయేదేందప్పా, అదేమన్నా వంకాయా? నాలుగు దినాలైతే అదే అలవాటైతాది" అన్నాడు. అలవాటు కాలేదు. నా ఒంటి తుమ్ము విని ఎర్రగుంట్ల వాళ్లు ఒకసారి, దువ్వూరు వాళ్లు ఒకసారి, చేతిలోని చీర అక్కడే పెట్టి లేచిపోయారు. శెట్టన్న నన్ను పక్కకు పిలిచాడు. "ఇంగొక్క గిరాకీ నీ ముక్కుకు జడిసి లేసిపోయిందంటే, రేపట్నుంచి నువ్వు జమ్మలమడుగులోనే తుమ్ముకో." ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కణ్ణే.

మరునాడే పులివెందుల నుంచి ఒక అవ్వ, పెద్ద మనవరాలి పెళ్లిబట్టలకని, జీపు నిండా ఆడవాళ్లతో దిగింది. మూడు గంటల పాటు విప్పిన చీరలతో, గిరాకీ కూర్చోవడానికి కింద పరిచిన పరుపు కనపడకుండా పోయింది. చివరికి ఒక ఎర్రంచు పట్టుచీర ఒళ్లోకి తీసుకుని, "ముహూర్తానికి ఇదే ఖాయం" అంది. సరిగ్గా అప్పుడు తుమ్మాను. ఒక్కటే. చీర అవ్వ ఒళ్లోంచి పరుపు మీదికి జారింది. గల్లాపెట్టె దగ్గర శెట్టన్న మెడ నావైపు తిరిగింది. తుమ్ముకూ పెళ్లికీ సంబంధం లేదని చెప్పడానికి అంతకు మించిన సందర్భం ఏ హేతువాదికీ దొరకదు. పైగా ఆదివారం ఉపన్యాసం కాగితాలు చొక్కా జేబులోనే ఉన్నాయి. ఆ జేబు మీదే చెయ్యి పెట్టుకుని, మెడ వెనక్కి విరిచి, రాని తుమ్ము ఒకటి తెచ్చి తుమ్మాను. మొదటిది సెంటు పాపం. రెండోది పూర్తిగా నాది.

"జంట తుమ్ము" అంది అవ్వ, ముఖం విప్పార్చుకుని. "శానా మంచోడివి నాయనా. కొందరు ఒక్కటి తుమ్మి ఊరకుంటారు, ముండమోపి నాయాండ్లు."

పద్దెనిమిది చీరలు కట్టించుకుని పోయింది. అప్పట్నుంచి పెళ్లివాళ్లు వస్తూనే "జంట తుమ్ములాయప్ప యాడ?" అని అడగడం మొదలైంది. శెట్టన్న నాకు మాత్రం సెంటు రెండింతలు కొట్టేవాడు. డాక్టరు అలర్జీ అన్నాడనీ, సెంటు మానమన్నాడనీ చెబితే, "మానమనేదానికి డాక్టరెందుకు? మందిమ్మని అడుగు" అన్నాడు. ఆదివారాలు నేను తుమ్ము మీద మునుపటికంటే ఆవేశంగా మాట్లాడేవాణ్ణి. అబద్ధమాడేవాడికే గొంతు ఎక్కువ లేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

ఏడాది తిరిగేసరికి అవ్వ రెండో మనవరాలితో వచ్చింది. ఆమె జీపు దిగడం చూసి శెట్టన్న నాకు మరో రెండు సార్లు సెంటు కొట్టాడు. చీర ఖాయమయ్యే వేళకు తుమ్ము మొదలైంది, ఆగలేదు. పరుపు మీద కూర్చున్న వాళ్లంతా వేళ్లు మడిచి లెక్కపెట్టడం నాకు నీళ్లు నిండిన కళ్లలోంచే కనిపించింది. "తొమ్మిది... పది... పదకొండు." అక్కడ ఆగిపోయింది. ఊపిరి ఆడక గోడకు ఆనుకున్నాను.

"బేసి పడిందే" అంది అవ్వ, దిగులుగా. "ఇంగొక్కటి తుమ్ము నాయనా, ఒగే ఒగటి. నీకు పుణ్యముంటాది."

తల అడ్డంగా ఊపాను. శెట్టన్న పరుగున వచ్చి, పన్నెండోది రప్పించడానికి, సీసా తెచ్చి నా ముక్కు ముందే కొట్టాడు. ఆ పూట తుమ్ము రాలేదు, ఛాతీలోంచి పిల్లికూతలు వచ్చాయి. అంత మంది లెక్కపెట్టారు గానీ ఒక్కరూ గ్లాసెడు నీళ్లు ఇవ్వలేదు. నేనే గోడ పట్టుకుని నడుచుకుంటూ బయట కొళాయి దగ్గరికి పోయి, తల దాని కింద పెట్టి తడుపుకుని, అలాగే జమ్మలమడుగు బస్సెక్కాను. మళ్లీ పోలేదు.

ఇప్పుడు వ్యాసాలు రాసి బతుకుతున్నాను. ఒంటికి సబ్బు వాసన తప్ప మరొకటి తగలనివ్వను. అయినా ఏ పెళ్లిలోనో పన్నీరు చుక్క పడి ఒక్క తుమ్ము వస్తే, ఇంత వాదించిన నా మెడ దానంతట అదే రెండోదాని కోసం వెనక్కి పోతుంది. నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది.

మీ పక్కన ఎవరైనా తుమ్మితే వేళ్లు మడవకండి. ముందు గ్లాసెడు నీళ్లివ్వండి. తర్వాత మీ కాలర్ వాసన మీరే చూసుకోండి. రేపు పొద్దున ఆ సీసా మూత తీయకండి.