గురువమ్మ తాడు

సీసా మూత తీయగానే ధరూర్ ఆఫీసంతా పొగ, మైనం కలిసిన వాసన. నల్లమల తేనె! ఎదురుగా దరఖాస్తు పట్టుకుని నిలబడ్డ రైతు "ఏంది సారూ, గింత కమ్మగ వాసనొస్తుంది?" అన్నాడు. వేలితో ఓ చుక్క తీసి అతని అరచేతిలో వేశాను. సీసా పంపింది గురువమ్మ కొడుకు. ఆమె పోయి ఏడాది దాటింది.

అప్పట్లో నేను అమ్రాబాద్ అడవి అంచున కొత్తగా చేరిన పంచాయతీ కార్యదర్శిని. తెలకపల్లిలో సైకిళ్లు బాగుచేసే మా అబ్బాకు కొడుకు కొలువంటే ఎక్కడలేని గర్వం. గురువమ్మ ఉండే చెంచుపెంటకు, అంటే చెంచుల గూడేనికి, మొదటిసారి వెళ్లిన రోజే నేనో ఘనకార్యం చేశాను. ఆమె భర్త తేనెపట్టు కోసం నారతాడుతో కొండ అంచు నుంచి కిందికి దిగుతున్నాడు. పైన తాడు పట్టుకున్నది ఒక్కడే మనిషి. నా మంచితనం ఊరుకుంటుందా? పరుగెత్తి నేనూ ఓ చెయ్యి వేశాను. గురువమ్మ ఆ చేతిమీద ఫట్టున కొట్టింది.

"నువ్వెందుకు ముట్టినవ్ సారూ? తాడు పట్టినోడు నా తమ్ముడు. తాడిడిస్తే వాని అక్క బొట్టే పోతది. గందుకే బామ్మర్దే పట్టాలె, ఇంకెవ్వలు పట్టొద్దు."

"నేను గట్టిగనే పట్టుకుంట గదమ్మా!"

"గట్టిదనం గాదు సారూ. ఆయన పడితే నీదేం పోతది? గది జెప్పు."

తాడు వదిలేశాను. చెయ్యి మాత్రం సాయంత్రం దాకా మండింది.

కొన్నాళ్లకు యురేనియం కోసం అడవిలో బోర్లు వేస్తామని సర్వేవాళ్లు వచ్చారు. వాగు ఇసుకలో తవ్వుకున్న చెలిమ ఒక్కటే ఆ పెంటకు తాగునీరు. సరిగ్గా దాని పక్కనే గుర్తురాళ్లు పాతారు. గ్రామసభకు ముందే పైనుంచి నాకు టైపు చేసిన తీర్మానం అందింది: మాకు అభ్యంతరం లేదు. నేను వేలిముద్రలు వేయిస్తే చాలట. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ కాగితం సంచిలో పెట్టుకునే సభకు వెళ్లాను.

"మీ నీళ్లకు ఏమీ కాదు, నాదీ పూచీ" అన్నాడు సర్వే అధికారి. గురువమ్మ లేచింది. నడుముకు చుట్టుకొచ్చిన నారతాడు విప్పి, ఒక కొస ఆయన కుర్చీ ముందు పడేసింది.

"బోర్లేసేది మీరు. పానం పణం బెట్టేది మేము. మరి పైన తాడెవలు పట్టుకుంటరు సారూ? నువ్వీ చెలిమ నీళ్లు తాగుతవా? నీ అక్కను మా పెంటలిచ్చినవా?"

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు! జనం ఒక్కసారిగా ఈలలు, కేకలు. ఆ గోలలోనే ఆమె నావైపు తిరిగింది.

"తమ్ముడా, మేం వద్దంటున్నం. రాస్తవా?"

సారూ అనలేదు. తమ్ముడా అంది. టైపు కాగితం సంచిలోనే ఉంచి, "రాస్త అక్కా" అని తెల్లకాగితం తీశాను. మా నీళ్ల దగ్గర, మా నేలలో బోర్లు వేయడానికి మేము ఒప్పుకోం అని రాసి అందరికీ చదివి వినిపించాను. వేలిముద్రల కోసం ఎంతగా ఎగబడ్డారంటే ఇంకుప్యాడు ఎండిపోయింది. చెలిమ నీళ్లు చిలకరించి మళ్లీ తడిపాం.

బోరుబండ్లు వెనక్కి పోయాయి. నెల తిరక్కుండానే నేనూ బదిలీ మీద ధరూర్ వచ్చి పడ్డాను. అబ్బా పరేషాన్ అయ్యాడు. నేనైతే, నిజం చెప్పొద్దూ, అంత ఖుషీగా ఎన్నడూ లేను.

సీసా చేరిందో లేదో కనుక్కోవడానికి ఇందాక గురువమ్మ కొడుకు ఫోన్ చేశాడు. అసలు సంగతి చివర్లో చెప్పాడు.

"మామా, సర్వేటోళ్లు మల్ల రాళ్లు పాతుతుండ్రు. గురువారం సభ. వస్తవా?"

అది ఇప్పుడు నా మండలం కాదు, నా జిల్లా కూడా కాదు.

"వస్త" అన్నాను.

వెంటనే సెలవుచీటీ రాశాను. వేళ్లకంటిన తేనెతో సంతకం పక్కన నా బొటనవేలి ముద్ర పడింది. చెరపలేదు, అలాగే పంపించాను.