నల్లపావుల మార్తమ్మ గారు

మొన్న రాజాంలో రక్తపరీక్ష కోసం చెయ్యి చాపాను. దూదితో స్పిరిట్ రాయగానే ఆ చల్లదనంతో పాటు వాసన కూడా తగిలింది. సూది ఎప్పుడు గుచ్చారో నాకు తెలియనే లేదు. సాలూరులో మార్తమ్మ గారి వరండా కళ్ల ముందుకొచ్చింది. ఆవిడ చదరంగం పావులకు ఎప్పుడూ అదే వాసన. ఆట అయ్యాక ఒక్కో పావునూ స్పిరిట్ దూదితో తుడిస్తే గానీ పెట్టెలో పెట్టేవారు కాదు. ఆవిడ మిషన్ ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేశారు, అందులో ఎక్కువ కాలం క్షయ వార్డులోనే. నెలల తరబడి మంచం మీద ఉండే రోగులే ఆవిడకు ఆట నేర్పారు. రిటైరయ్యాక మా వీధిలో, చర్చి పక్కనున్న పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. మా నాన్న లారీ ఎక్కితే వారం దాకా వచ్చేవాడు కాదు. అమ్మ మిల్లులో పని ముగించుకుని వచ్చేదాకా నేను ఆ వరండాలోనే గడిపేదాన్ని.

తొమ్మిదో తరగతిలో బడి లైబ్రరీ నుంచి ఓపెనింగుల, అంటే ఆట మొదలుపెట్టే వరసల, పుస్తకం ఒకటి తెచ్చుకుని, ఒక వరస బట్టీ పట్టాను. నేను రాజు ముందు బంటును రెండు గళ్లు తోస్తాను, అవతలివాళ్లూ అలాగే తోస్తారు. నా గుర్రం, వాళ్ల గుర్రం, తర్వాత నా శకటు. ఎనిమిది ఎత్తులు కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ గర్వంతో, మొదటి ఎత్తు వేసే తెల్లపావులు తీసుకుని మార్తమ్మ గారి ముందు కూర్చున్నాను. నేను బంటు తోశాను. ఆవిడ కాసేపు చూసి, తన బంటును ఒక్క గడే జరిపారు. నా ఎనిమిది ఎత్తులూ అక్కడితో ఆగిపోయాయి.

"అలా కాదండీ, మీరూ రెండు గళ్లు తొయ్యాలి."

"ఎవలు సెప్పేరే?"

"పుస్తకంలో ఉంది."

"నీ పుస్తకం నాను సదివేనేటి?" ఆవిడ పగలబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. చేత్తో పావులన్నీ తోసేశాను. ఆవిడ కోప్పడలేదు. వంగి, నేల మీద పడ్డవి ఏరుతూ అన్నారు: "తెల్లపావులు దొరికేయని ఆటంతా నీదనుకుంటన్నావు. నువ్వు ఎటెల్దామో అడగ్గలవు, అంతే. ఎటెల్తామన్నది నాను కూడా సెప్పాల కదే, పైడమ్మా."

ఆవిడ ఎప్పుడూ నల్లపావులే తీసుకునేవారు. ఎందుకని ఒకసారి అడిగాను. వార్డులో రోగులకు తెల్లవి ఇచ్చేవారట. "మందు నాను సెప్పినప్పుడే మింగాల, కిటికీ నాను సెప్పినప్పుడే తియ్యాల. ఒక్క ఆటలోనైనా మొదటి అడుగు ఆలదవ్వాల కదా," అన్నారు. అలా ముప్పై ఏళ్లలో రకరకాల మనుషుల మొదటి ఎత్తులు చూశారు. దూకుడుగా వచ్చేవాళ్లకు దారి మూసి జవాబిచ్చేవారు. భయంభయంగా ఆడేవాళ్లకు కొంచెం చోటు వదిలేవారు. ఆవిడకు ఓపెనింగుల పేర్లు తెలియవు. పుస్తకంలో చూపించి "ఇది మీరు ఆడేదే" అంటే చిన్నపిల్లలా సంబరపడేవారు.

పదో తరగతిలో విజయనగరంలో జిల్లా ఎంపిక పోటీలు జరిగాయి. ఆవిడే నన్ను బస్సులో తీసుకెళ్లారు. నల్లపావులతో నేను అప్పటిదాకా ప్రతి పోటీలోనూ ఓడిపోయాను. చివరి రౌండులో నాకు నల్లవే వచ్చాయి, ఎదుట బాగా ఆడతాడని పేరున్న కుర్రాడు. ఇంటికి వెళ్లిపోదామన్నాను. ఆవిడ నా జడ సరిచేస్తూ, "ఆడు ఏటి తోస్తాడో సూడు. సూసేక బయపడుదువు గాని," అన్నారు.

అతను నేను అనుకున్నది కాక మంత్రి ముందు బంటు తోశాడు. దానికి నా దగ్గర బట్టీ పట్టినదేదీ లేదు. చాలాసేపు ఆ బంటునే చూశాను. నేనూ ఎదురు బంటు పెట్టాను. అతను పక్క బంటును తెచ్చి ఉచితంగా ఇస్తున్నట్టు ఆశ చూపించాడు. చెయ్యి లాగింది గానీ తీసుకోలేదు. నా బంటుకు వెనక మరొకటి ఆనించాను. మూడు గంటల తర్వాత అతనే డ్రా అడిగాడు. అర పాయింటు తక్కువై నేను ఎంపిక కాలేదు.

తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడుస్తుంటే, ఆవిడ ఒళ్లో బోర్డు పరిచి ఆట మొత్తం మళ్లీ ఆడించారు. నేను బంటు తీసుకోని చోట ఆపి, ఆ ఓపెనింగ్ పేరు అడిగారు. పుస్తకంలో చూసిన పేరు చెప్పాను. దాని అర్థం అడిగారు.

"అవతలివాడు బంటు ఇస్తానంటే మనం వద్దన్నామని."

"సూసేవా! ఇస్తానన్నది ఆడు. వద్దన్నది నువ్వు. మీ ఇద్దరూ కలిస్తేనే దానికి ఆ పేరొచ్చింది." నా ముఖం తన కొంగుతో తుడిచారు. "ఓడిపోయి రాలేదే నువ్వు."

ఆవిడ పోయి ఎనిమిదేళ్లయింది. పోటీలు ఇంటర్‌తోనే మానేశాను. ఇప్పుడు ఓపెనింగుల వరసలు సగం గుర్తు లేవు. కిందటి నెల మా అమ్మాయి అన్నం ముందు కూర్చుని, "అమ్మా, నాను ఇంజినీరింగ్ సదవను," అంది. ఏడాదిగా దానికి చెప్పాలనుకున్న మాటలు నాలుక చివర వరసగా నిలబడ్డాయి. ఫీజులు, మార్కులు, వాళ్ల నాన్న ఆశ. దాని ముఖం చూశాను. దాని చేతిలో ముద్ద అలాగే ఉంది.

"అయితే ఏటి సదవాలనుందే?" అని అడిగాను.

అన్నం చల్లారిపోయేదాకా అది మాట్లాడుతూనే ఉంది. అందులో చాలా మాటలు నేను మొదటిసారి విన్నవే.